సముద్రపు ఊపులు - మన పొలాల వానలు

వర్షాధారపు సేద్యము చేయు రైతులు 2009వ సంవత్సరమును మరచియుండరు. ఆ యేడు జూన్ నుండి సెప్టెంబరు వరకు దేశము మొత్తము మీద కురియవలసిన వర్షములో నూటికి 22 పాళ్ళు తక్కువ పడినది. మెట్ట పొలములలో పైర్లు బెట్టకు వచ్చినవి. ఇక వానలు లేవని రైతులు ఆశ వదలుకొన్న తరుణములో, హస్త కార్తెలో, కృష్ణా తుంగభద్రా నదుల పరీవాహక ప్రాంతములో కుండపోతగా వర్షములు కురిసినవి. అక్టోబరు 2వ తేదీన కర్నూలు పట్టణము నీట మునిగినది. మంత్రాలయము మునిగినది. శ్రీశైలము జలాశయమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ఆనకట్ట కట్టిన నాటి నుండి అంతకు ముందెన్నడును అంతటి వరద రాలేదు.

ఒకే యేట కరువును వరదయు ఎట్లు వచ్చినవి? ఆ సంవత్సరము "ఎల్ నినో" వచ్చినదని పత్రికలు వ్రాసినవి. ఎల్ నినో కరువు తెచ్చునన్నచో వరద ఎట్లు వచ్చినది? వరద వచ్చినది గనుక ఎల్ నినో మాట అబద్ధమా? ఈ ప్రశ్నలు రైతులు మమ్ములను తరచుగా అడుగుచుందురు. ప్రతి వేసవిలోను ఈ పేరు వినబడుచునే యున్నది. కొందరు ఆ వార్త విని విత్తుటయే మానుకొందురు. కొందరు దానిని నమ్మక తొలి జల్లుకే విత్తనమంతయు నేలపాలు చేసికొందురు. రెండును నష్టమే. సముద్రపు వార్తను సరిగా చదువుట ఎట్లో ఈ వ్యాసములో వివరించుచున్నాము.

సముద్రమునకును వానకును గల సంబంధము

పొయ్యి మీద నుండి పొగ పైకి లేచునట్లు, వెచ్చని సముద్రము మీది గాలి వేడెక్కి, తేమను నింపుకొని పైకి లేచును. పైకి పోయిన గాలి చల్లబడును. అందలి ఆవిరి మేఘమై వర్షించును. అట్లు లేచిన గాలి మరియొక చోట క్రిందికి దిగక తప్పదు. అది దిగుచోట మేఘము కట్టదు, వాన పడదు. కావున సముద్రములో పొయ్యి ఏ మూల నున్నదో, దానిని బట్టి ఏ దేశమునకు వాన, ఏ దేశమునకు ఎండ అన్నది చాలవరకు నిర్ణయమగుచున్నది.

భూమిపై అన్నిటికంటె పెద్దదైన పొయ్యి పసిఫిక్ మహాసముద్రములో కలదు. అక్కడ భూమధ్యరేఖ వెంట గాలులు సాధారణముగా తూర్పు నుండి పడమరకు వీచుచుండును. అవి పైనున్న వెచ్చని నీటిని ఇండోనేషియా వైపునకు త్రోయుచుండును. అందువలన ఇండోనేషియా వద్ద సముద్రమట్టము దక్షిణ అమెరికా తీరము కంటె సుమారు అర మీటరు ఎత్తుగా ఉండును. వెచ్చని నీరు చేరిన ఆ పడమటి వైపున గాలి పైకి లేచి వర్షములు కురియును. తూర్పున పెరూ తీరమందు అడుగు నుండి చల్లని నీరు పైకి వచ్చును.

ఎల్ నినో, లా నినా

రెండు నుండి ఏడు సంవత్సరముల కొకసారి ఈ తూర్పు గాలులు బలహీనపడును. అప్పుడు పడమట పోగుపడిన వెచ్చని నీరు తిరిగి తూర్పుకు వ్యాపించును. పొయ్యి చోటు మారినట్లగును. గాలి పైకి లేచుట పసిఫిక్ నడుమకు జరుగును. గాలి దిగుట ఇండోనేషియా, భారతదేశముల వైపు ఎక్కువగును. దీనినే ఎల్ నినో అందురు. ఈ వేడి క్రిస్మస్ ప్రాంతములో కనిపించుటచే పెరూ దేశపు జాలరులు దీనికి "బాలుడు" అను అర్థము గల ఈ పేరు పెట్టిరి. ఆ బాలుడు బాల యేసు.

మధ్య పసిఫిక్ నీరు సగటు కంటె అర డిగ్రీ సెంటిగ్రేడు లేక అంతకు మించి వెచ్చనై, కొన్ని నెలలు అట్లే నిలిచినచో శాస్త్రజ్ఞులు ఎల్ నినో వచ్చినదందురు. ఇందుకు విరుద్ధముగా తూర్పు గాలులు మరింత బలపడి, నీరు అర డిగ్రీ లేక అంతకు మించి చల్లబడినచో అది లా నినా, అనగా "బాలిక". అర డిగ్రీ స్వల్పమని తలపవలదు. వేల మైళ్ళ సముద్రము అంతయు అర డిగ్రీ వేడెక్కుట సామాన్య విషయము కాదు.

ఈ సంగతి తెలియుటకు మన దేశపు కరువులే దారి చూపినవి. 1876-78 నాటి గొప్ప కరువులో కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతములు అల్లాడిపోయినవి. 1877లో పసిఫిక్‌లో అతి తీవ్రమైన ఎల్ నినో ఉండెనని ఇప్పుడు మనకు తెలియును. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. 1904 నుండి 1924 వరకు ఆ శాఖకు అధిపతిగా నున్న గిల్బర్ట్ వాకర్, ఋతుపవనములు ఎప్పుడు తప్పునో ముందుగా తెలిసికొనగోరి, ప్రపంచములోని అనేక స్థలముల వాయుపీడనపు లెక్కలను పోల్చి చూచెను. పసిఫిక్ వైపు పీడనము పెరిగినపుడు హిందూ మహాసముద్రము వైపు తగ్గుట, అక్కడ తగ్గినపుడు ఇక్కడ పెరుగుట ఆయన గమనించెను. బావి మీది ఏతమును తలచుకొన్న ఇది సులభముగా బోధపడును. ఒక కొన లేచిన రెండవ కొన దిగును. 1920 తరువాతి సంవత్సరములలో ఆయన దీనికి "దక్షిణ డోలనము" అని పేరు పెట్టెను. ఈ గాలి ఊపును, ఎల్ నినో నీటి వేడియు ఒకే దాని రెండు ముఖములని 1969లో బ్యెర్క్‌నెస్ అను శాస్త్రజ్ఞుడు విశదపరచెను.

ఎల్ నినో అన్న కరువేనా?

కాదు. ఈ క్రింది లెక్కలు చూడుడు. దేశము మొత్తము మీద జూన్ నుండి సెప్టెంబరు వరకు కురిసిన వాన, సగటును 100గా తీసికొన్నచో, ఈ విధముగా నున్నది.

1987 - ఎల్ నినో - 81
1988 - లా నినా - 119
1997 - ఎల్ నినో - 102
2002 - ఎల్ నినో - 81
2009 - ఎల్ నినో - 78
2015 - ఎల్ నినో - 86
2023 - ఎల్ నినో - 94

1972, 1982, 1987, 2002, 2009, 2015 సంవత్సరముల వర్షాభావములన్నియు ఎల్ నినో యేడులలోనే వచ్చినవి. కావున హెచ్చరిక వట్టిది కాదు. అయినను 1997 నాటి ఎల్ నినో ఆ శతాబ్దములోని అతి బలమైన వాటిలో ఒకటి. ఆ యేడు దేశమున వాన సగటును మించినది. ఎల్ నినో మన వాన త్రాసును ఒక వైపునకు మొగ్గించును గాని, తీర్పు చెప్పదు. త్రాసులో వేయు బరువులు మరికొన్ని కలవు.

మన సముద్రములోని ఊపు

అందొకటి మన హిందూ మహాసముద్రములోనిదే. 1999లో జపాను, భారతదేశముల శాస్త్రజ్ఞులు దీనిని వివరించిరి. కొన్ని సంవత్సరములలో ఆఫ్రికా వైపు నీరు వెచ్చనై, సుమత్రా వైపు నీరు చల్లనగును. దీనిని అనుకూలపు ఊపు అందుము. పత్రికలలో "పాజిటివ్ ఐ.ఓ.డి." అని వ్రాయుదురు. ఇట్టి యేడు మన దేశమునకు తేమ గాలులు సాధారణముగా బలపడును. సుమత్రా వైపు వెచ్చనై, ఆఫ్రికా వైపు చల్లబడినచో అది ప్రతికూలపు ఊపు.

1997లో ఎల్ నినో చేయవలసిన కీడును చాలవరకు ఆపినది ఈ అనుకూలపు ఊపే యని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 2019లో ఇది మిక్కిలి బలముగా వచ్చినది. ఆ యేడు దేశమున వాన సగటుకు 110 పాళ్ళు పడినది. కావున ఎల్ నినో వార్త విన్న రైతు "మన సముద్రము ఎట్లున్నది?" అని కూడ అడిగి తెలిసికొనవలెను.

నెల, రెండు నెలల కొకసారి తిరుగు ఊపు

ఎల్ నినో సంవత్సరపు సంగతి. విత్తు దినము, ఎరువు వేయు దినము, కోత దినము దాని వలన తెలియవు. వాటికి పనికివచ్చునది మరియొక ఊపు కలదు. 1971లో మాడెన్, జూలియన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు దీనిని కనుగొనిరి. మేఘములు దట్టముగా గల ఒక పెద్ద ప్రాంతము భూమధ్యరేఖ వెంట పడమర నుండి తూర్పునకు జరుగుచు, 30 నుండి 60 దినములలో భూమిని చుట్టి వచ్చును. దాని వెనుక మేఘములు లేని పొడి ప్రాంతము వచ్చును. మేఘపు భాగము హిందూ మహాసముద్రము మీదికి వచ్చినపుడు మనకు వానలు పుంజుకొనుటకును, బంగాళాఖాతములో అల్పపీడనములు, వాయుగుండములు పుట్టుటకును అనుకూలము. పొడి భాగము వచ్చినపుడు రెండు, మూడు వారముల వరపు పట్టవచ్చును.

మంచి వానల సంవత్సరములో గూడ వరపు పట్టుటకును, కరువు యేట గూడ వారము దినములు ముసురు పట్టుటకును ఇట్టి ఊపులు ఒక ముఖ్య కారణము. 2023వ సంవత్సరము దీనికి మంచి ఉదాహరణ. అది ఎల్ నినో సంవత్సరము. అయినను జూలై నెలాఖరున బంగాళాఖాతపు అల్పపీడనము వలన తెలంగాణములో కుండపోత వర్షములు పడినవి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినములో సుమారు 650 మిల్లీమీటర్ల వర్షము నమోదైనది. అనంతపురమునకు సంవత్సరమంతయు పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే! ఆ వెంటనే వచ్చిన ఆగస్టు నెలలో దేశము మొత్తము మీద వాన నూటికి 36 పాళ్ళు తగ్గినది. 1901 నుండి అంత పొడి ఆగస్టు లేదు. సెప్టెంబరులో వానలు మరల కోలుకొన్నవి. సంవత్సరపు లెక్క నూటికి 94 అని తేలినది. కాని రైతు పైరు సంవత్సరపు లెక్కతో బ్రతుకదు. పూత, ఊడ దశలో వాన పడినదా లేదా అన్నదే దానికి ముఖ్యము.

సముద్రమును గాలియు నానాటికి వేడెక్కుచున్నవి. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి 7 పాళ్ళు ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకొనగలదు. అందుచే కురిసినపుడు ఒక్కుమ్మడిగా కురియుటయు, నడుమ వరపులు పొడవగుటయు రాగల కాలములో మరింతగా ఎదుర్కొనవలసి యుండును.

ఒకే వార్త, వేరు వేరు జిల్లాలు

తెలంగాణములో సంవత్సరపు వానలో సుమారు నాలుగింట మూడు పాళ్ళకు మించి నైరుతి కాలములోనే పడును. అందుచే ఎల్ నినో వార్త అక్కడి చెలక రైతునకు అధిక హెచ్చరిక. నెల్లూరు ప్రాంతమున సగము కంటె ఎక్కువ వాన అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వలన వచ్చును. రాయలసీమకు నైరుతియే పెద్ద ఆధారమైనను, ఈశాన్యపు వాటాయు చెప్పుకోదగినదే.

ఇచ్చట ఒక ముఖ్య విషయము గమనింపవలెను. నైరుతిని తగ్గించు ఎల్ నినోయే దక్షిణ జిల్లాలలో ఈశాన్య వర్షములను పెంచుట తరచుగా కనిపించుచున్నది. అనుకూలపు హిందూ మహాసముద్రపు ఊపును ఆ వైపే తోడ్పడును. 2015లో నైరుతి వాన తక్కువైనది. నవంబరు, డిసెంబరు నెలలలో చెన్నపట్టణము మునిగినది. నెల్లూరు, చిత్తూరు జిల్లాలలో వరదలు వచ్చినవి. కావున ముంగారి పంట దెబ్బతిన్నదని దక్షిణ జిల్లాల రైతు హింగారి మీద ఆశ వదలుకొనరాదు.

దీనిని గూడ సూత్రముగా పట్టుకొనరాదు. 2021 లా నినా సంవత్సరము. లెక్క ప్రకారము ఈశాన్య వానలు తగ్గవలెను. కాని ఆ నవంబరులో దక్షిణాదిని వర్షములు విపరీతముగా కురిసి, 19వ తేదీన రాజంపేట ప్రాంతములో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ పల్లెలు కొట్టుకొనిపోయినవి. బంగాళాఖాతములో రెండు మూడు వాయుగుండములు ఒక దారిని పట్టినచో సంవత్సరపు లెక్క అంతయు తలక్రిందులగును.

రైతులు చేయదగిన పనులు

ఏప్రిల్, మే నెలలలో: భారత వాతావరణ శాఖ నైరుతి వానల అంచనాను ఏప్రిల్ మధ్యలోను, మే నెలాఖరునను ప్రకటించును. పసిఫిక్‌ను గురించి మార్చి, ఏప్రిల్‌లలో చెప్పు మాటకు నమ్మకము తక్కువ. జూన్ దాటిన పిదప చెప్పు మాటకు ఎక్కువ. ఎల్ నినో హెచ్చరిక ఉన్న యేడు మెట్ట రైతు క్రొత్తగా కౌలు భూమి తీసికొనుట, అప్పు చేసి పెట్టుబడి పెంచుట తగదు. పొలమంతయు ఒకే పైరు వేయరాదు. వేరుసెనగలో 7 సాళ్ళకు ఒక సాలు కంది వేసినచో, వేరుసెనగ దెబ్బతిన్నను, వేరు లోతుగా పోవు కంది వెనుకటి వానలకు కోలుకొనును. పశువులకు మేత నిలువ చేసికొనవలెను. పంట బీమా గడువు తేదీని ముందే తెలిసికొనవలెను. వాలునకు అడ్డముగా దున్నుట, నీటి కుంటలు త్రవ్వుకొనుట వానలకు ముందే పూర్తి కావలెను. ఈ కుంటలు కరువుకును వరదకును పనికివచ్చును.

విత్తు కాలమున: మృగశిరలో పడిన తొలి జల్లుకే విత్తనము వేయరాదు. తేలిక నేలలలో 50 నుండి 60 మిల్లీమీటర్లు, బరువు నేలలలో 60 నుండి 75 మిల్లీమీటర్లు వాన పడి, నేల లోతుగా పదును అయిన పిదపనే విత్తవలెను. వర్షాధారపు వేరుసెనగలో అన్నిటికంటె పెద్ద ఖర్చు విత్తనమే. అది ఒకసారి మట్టిపాలైనచో రెండవసారి కొనుటకు అప్పు చేయక తప్పదు. రాబోవు రెండు వారములు పొడిగా ఉండునని సూచన ఉన్నచో, నాలుగు దినములు ఆగుట నష్టము కాదు.

విత్తు అదను దాటినచో: అనంతపురము వంటి జిల్లాలలో జూలై దాటిన తరువాత వేరుసెనగ వేసి నష్టపోవుట కంటె కొఱ్ఱ, జొన్న, అలసంద, ఆముదము వంటివి వేయుట మేలు. మరింత ఆలస్యమైనచో ఉలవ వేయవచ్చును. ఏదియు లేకున్నను పశువులకు మేతయైనను దక్కును.

వరపు పట్టినపుడు: గుంటక తోలి పైమట్టిని పొడి చేసినచో నేలలోని తడి త్వరగా ఆరదు. కలుపు తీయవలెను. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి పైరుపై చల్లినచో పైరు కొంత తట్టుకొనును. కుంటలో నీరున్నచో పూత, ఊడ దశలో ఒక్క తడి ఇచ్చినను పంట నిలుచును. వరపులో నేలకు పై ఎరువు వేయరాదు.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు: నల్లరేగడి రైతులు ఆలస్యపు వానలను సెనగకు వినియోగించుకొనవలెను. కోస్తా రైతులు కోతకు ముందు అల్పపీడనపు వార్త వినియే కొడవలి పట్టవలెను. మురుగు కాలువలు ముందే బాగుచేసికొనవలెను. కోసిన వరి పనలు తడిసినచో లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లిన గింజ మొలకెత్తుట తగ్గును.

వారపు సూచనలు: వాతావరణ ఆధారిత వ్యవసాయ సూచనలు ప్రతి మంగళవారము, శుక్రవారము వెలువడుచున్నవి. రెండు నుండి నాలుగు వారముల వాన ధోరణిని వాతావరణ శాఖ ప్రతి గురువారము తెలుపుచున్నది. "మేఘదూత్" అను యాప్‌లో గూడ సూచనలు తెలుగులో చూడవచ్చును. సంవత్సరపు వార్త విని పంట ఎన్నుకొనవలెను, పక్షపు వార్త విని విత్తవలెను, అయిదు దినముల వార్త విని ఎరువు, మందు, కోత పనులు చేయవలెను. ఒక దాని పనిని మరియొక దానితో చేయబూనుటయే పొరపాటు.

మీ ఊరి వాన మీరే వ్రాయుడు

ఈ వ్యాసములోని లెక్కలు దేశమునకో, జిల్లాకో చెందినవి. మీ పొలము మీద పడు వాన మీకే తెలియవలెను. పంచాయతీలో గాని, పాఠశాలలో గాని ఒక వర్షమాపకమును ఆరుబయట నిలిపి, ప్రతి ఉదయము 8½ గంటలకు కొలిచి, కార్తె వారీగా ఒక పుస్తకములో వ్రాయుడు. ప్రక్కనే ఆ యేడు ఎల్ నినోయా, లా నినాయా, మన సముద్రపు ఊపు ఎటు ఉన్నది, ఏ పైరు ఎన్ని బస్తాలు పండినది వ్రాసి ఉంచుడు. పది పదునైదు సంవత్సరములు వ్రాసిన ఆ పుస్తకము, ఎల్ నినో యేట మీ ఊరిలో వాన ఏ కార్తెలో తప్పునో, ఏ కార్తెలో మరల అందునో చాలవరకు చెప్పగలదు.

పసిఫిక్‌లోని నీటిని మనము చల్లబరచలేము. తొలి జల్లుకు తొందరపడక విత్తనపు సంచి మూతి కట్టి ఉంచుట, నేల పదునైన నాడు జాగు చేయక విప్పుట మాత్రము మన చేతిలోని పనులే.